మడత లేని సీటు

మా అక్క మంచిదే కానీ, ఒకసారి పగ పట్టిందంటే వదిలే రకం కాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. కథంతా విని ఆమె ఎంత సహనమూర్తో అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అక్క సీట్లు చేస్తుంది. కాళ్ళు పనిచేయనివాళ్ళు మంచు మీద జారడానికి ఒక రకం స్కీ ఉంటుంది. కింద ఒకటే పలక, దాని మీద బకెట్ లాంటి సీటు, చేతుల్లో రెండు పొట్టి కర్రలు, ఆ కర్రల చివర చిన్న పలకలు. ఆ సీటు ఒంటికి అతికినట్టుండాలి. అక్క మనిషిని కూర్చోబెట్టి మూస తీసి, దాన్నిబట్టి లోపల మెత్త వేస్తుంది. పైతొడుగు నేను మిషన్ మీద కుడతాను. కొండవాలు కిందే మా షెడ్డు. అక్కదీ చక్రాల కుర్చీయే. మధ్యాహ్నం నుంచి తనే ఒక సీట్లోకి మారి, కొత్తగా వచ్చినవాళ్ళకి జారడం నేర్పిస్తుంది.

పదమూడేళ్ళ కిందట అక్క బస్సు సీట్లు కుట్టే కార్ఖానాలో పనిచేసేది. ఒకరోజు అక్కడి సూపర్‌వైజర్ అటక మీది రెక్సిన్ చుట్టలు దించమన్నాడు. నిచ్చెన మెట్టు విరిగిందని అక్క చెప్పింది. "ఏం కాదు ఎక్కమ్మా, నేను పట్టుకుంటాగా" అన్నాడు. పట్టుకోలేదు. అక్క పడింది, నడుము కింద స్పర్శ పోయింది. విచారణ జరిగినప్పుడు వాడు నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు ముఖం పెట్టి, "నేను వద్దంటూనే ఉన్నానండీ, తనే దూకుడుగా ఎక్కింది" అన్నాడు. ఆ మాట మా నాన్న నమ్మాడు. "నీ దూకుడే నిన్ను ముంచిందే" అని పోయేదాకా అంటూనే ఉన్నాడు. కాళ్ళు పోయినప్పుడు కూడా అక్క అంతగా ఏడవలేదు.

ఈ చలికాలం మొదట్లో ఒకావిడ చక్రాల కుర్చీ తోసుకుంటూ మా షెడ్డుకి వచ్చింది. కుర్చీలో వాడే! జుట్టు నెరిసింది కానీ ముఖం మారలేదు. అక్కని చూడగానే తల దించేశాడు. పాపం ఆవిడకి ఏమీ తెలియదు.

"రెండేళ్ళ కిందట యాక్సిడెంట్ అయిందండీ. అప్పట్నుంచీ ఇంట్లోంచి కదలరు. ఇలాంటి ఆటలుంటే నలుగురిలో పడతారని డాక్టర్ గారన్నారు. చీమకి కూడా హాని తలపెట్టని మనిషండీ మా ఆయన!"

నేను పళ్ళు కొరుక్కున్నాను. అక్క మాత్రం పుస్తకం తెరిచి, "స్పర్శ ఎక్కడిదాకా ఉంది సార్?" అని అడిగింది.

"బొడ్డు దాకా" అన్నాడు, నేల చూస్తూ.

అక్క రాసుకుంది.

స్పర్శ లేని మనిషికి కింద చిన్న మడత ఉంటే చాలు. అది ఒత్తుకుని పుండు పడుతుంది, పడుతున్నట్టు తెలియదు. తెలిసేసరికి నెలల తరబడి బోర్లా పడుకోవాల్సి వస్తుంది. ఈ పనిలో మేము నేర్చుకున్న మొదటి పాఠం అది. నేను వాడి తొడుగు కుడుతూ, సరిగ్గా ఎముక ఆనేచోట ఒక మడత పెట్టి కుట్టేశాను. పొరపాటున కాదు, కావాలనే.

ప్రతి సీటునీ అక్క కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమి చూస్తుంది. ఆ రోజు చెయ్యి మధ్యలో ఆగింది.

"ఇదేంటే?"

"ఏది?"

"నాటకాలాడకు."

"వాడికి ఆ మాత్రం శాస్తి జరగాల్సిందేనక్కా!"

"ఇది గుచ్చుకుంటే వాడికి తెలుస్తుందా?"

"తెలియదు. అందుకేగా పెట్టింది!"

"తెలియని దెబ్బ కొడితే ఏం సుఖమే పిచ్చిమొహమా? నేను కొట్టేది వాడికి తగలాలి. పైగా రేపు కిందపడితే సీటు బాగోలేదంటాడు. సాకులు చెప్పడంలో వాడిది అందెవేసిన చెయ్యి. ఒక్క సాకు కూడా మిగలనివ్వను."

కుట్టంతా విప్పేసింది. ఆ సీటు పని మీదే ఇంకో రెండు రోజులు కూర్చుంది. అంత బాగా కుదిరిన సీటు అక్క చేతుల్లోంచి అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. కొత్తవాళ్ళు వచ్చిన మొదటి రోజు, పట్టీలు బిగించాక, అందరూ గుండ్రంగా చేరి ఎవరికి ఎలా దెబ్బ తగిలిందో చెప్పుకోవాలి. ఒకసారి చెప్పేస్తే మళ్ళీ ఎవరూ ఆరా తీయరు. అక్క ఎప్పుడూ "నిచ్చెన విరిగింది" అని రెండు ముక్కల్లో ముగించేది.

ఆ రోజు వాడికి ఐదు పట్టీలూ అక్కే బిగించింది. కొత్తవాళ్ళు వాటిని సొంతంగా విప్పుకోలేరు. వాడు "వానలో స్కూటర్ జారింది" అన్నాడు. మిగతావాళ్ళూ చెప్పారు. చివరికి అక్క వంతు వచ్చింది.

"మెట్టు విరిగిందని చెప్పినా నన్ను నిచ్చెన ఎక్కమన్నారు. పట్టుకుంటానన్న మనిషి పట్టుకోలేదు. తర్వాత నేనే దూకుడుగా ఎక్కానని అబద్ధం చెప్పాడు. మా నాన్న అదే నిజమనుకుని పోయాడు. ఆ మనిషి వీరే."

వాడి చెయ్యి పట్టీ మీదికి వెళ్ళింది. లాగాడు, ఊడలేదు.

"ఏమండీ, ఆవిడ చెప్పేది నిజమేనా?" అంది భార్య. "మిమ్మల్నేనండీ!"

"నిజమే" అన్నాడు చివరికి. "ఎక్కమన్నది నేనే. ఉద్యోగం పోతుందని భయపడి అలా చెప్పాను. నన్ను క్షమించమ్మా."

"అది నా వల్ల కాదు సార్. పదండి, ఎండ పోకముందే మొదలుపెడదాం" అంది అక్క.

వాలు మీద అక్కది ఒకటే నియమం. పడినవాళ్ళు ఎందుకు పడ్డారో చెప్పాకే లేవాలి, లేకపోతే మళ్ళీ అలాగే పడతారు. వాడు మొదటిసారి పడి, "మంచు జారుతోందమ్మా" అన్నాడు.

"మంచు అందరికీ జారుతుంది. సీటు బాగుందా?"

"బాగుంది."

"పట్టీలు?"

"బాగున్నాయి."

"మరి ఎందుకు పడ్డారు?"

"నా తప్పే" అన్నాడు. అప్పుడు గానీ లేవనివ్వలేదు.

తొమ్మిదిసార్లు పడ్డాడు. నేను కింద నిలబడి లెక్కపెట్టాను. ప్రతిసారీ అదే ప్రశ్న, అదే జవాబు. తొమ్మిదోసారి అక్క అడగకముందే, మంచులో పక్కకు ఒరిగి ఉండగానే "నా తప్పే" అని గొణిగాడు.

"గట్టిగా చెప్పండి" అంది అక్క. "మా నాన్నకి వినపడాలి."

వాడు గట్టిగానే చెప్పాడు. కింద ఉన్న నాకు కూడా వినపడింది. నాకు మాత్రం జాలి వేయలేదు.