పడుగు పక్కన పాఠం

మా సైన్సు సారు మాకొక మాట ఇచ్చి తప్పారు. విరుదునగర్‌లో రైలెక్కించి కోవిల్‌పట్టికి తీసుకుపోతానని, అక్కడ పేరుపడ్డ వేరుసెనగ కడలమిఠాయి కొనిపెట్టి తిరిగి తెస్తానని అన్నారు. ఆ ప్రయాణం జరగనే లేదు. మొన్న పొద్దున సారు పోయారని ఆయన మనవరాలు ఫోన్ చేసినప్పుడు, ఇంత ముసలివాడినైన నాకు మొదట గుర్తొచ్చింది తినకుండా పోయిన ఆ మిఠాయే. ఏడుపు కంటే ముందు నవ్వొచ్చింది.

విరుదునగర్ పక్కన మాది నేతవీధి. పొద్దున్నే వీధి పొడవునా గుంజల మధ్య పడుగు దారాలు సాగదీసి, గంజి పట్టించి, ఆ కొసకూ ఈ కొసకూ నడుస్తూ కుంచెతో దువ్వేవారు. వడికీ వేగానికీ తేడా మా తలకెక్కకపోయేసరికి, సారు ఒకరోజు తరగతినంతా ఆ పడుగు దగ్గరికి నడిపించారు. బడిలో తమిళంలో చెప్పే ఆయన వీధిలో మా ఇంటి తెలుగులోకి దిగారు. ఆ పూట పడుగు దువ్వుతున్నది మా చిన్నాయన.

“అన్నా, వడిగానే నడస్తా ఉండావు. బయల్దేరిన గుంజ దగ్గరికే తిరిగొచ్చినావు. మొత్తానికి నీ సరాసరి వేగం ఎంత? సున్నా!”

చిన్నాయన కుంచె ఆపాడు. “వాద్యారయ్యా, పొద్దన్నించి కాళ్ళు లాగతా ఉండాయి. సున్నా అంటారే!”

“నీ నడక యాడికీ పోలేదన్నా. మొత్తం నడిచిన దూరాన్ని బట్టి వడి. బయల్దేరిన చోటినించి ఏ దిక్కుకు ఎంత జరిగినావో, దాన్ని బట్టి వేగం. నువ్వు జరగనే లేదే!”

వాకిట్లో నూలు కండెలు చుడుతున్న చిన్నమ్మ పగలబడి నవ్వింది. “పెండ్లైనప్పటినించి నేను చెప్పేదీ అదే గదా సారూ! ఈ మనిసి జరగడు!”

వీధంతా నవ్వింది, చిన్నాయనతో సహా. తర్వాత నేను లావుపాటి పుస్తకాలు చాలా చదివాను. సులువైనదాన్ని కష్టం చేసి పేరు తెచ్చుకున్న పండితులనూ చూశాను. వాళ్ళలో ఒక్కడికీ ఆ నవ్వు పుట్టించడం చేతకాదు. తప్పు చెప్పిన పిల్లవాడిని మా సారు ఎప్పుడూ కొట్టలేదు. “ఇంకా దారిలో ఉండావు, పద” అనేవారు.

ఆ నవ్వులు విని హెడ్మాస్టరు వచ్చారు. బడి పరువు వీధిన పడిందన్నారు. సారును దక్షిణాన ఉన్న పుదూరుకు, ఆఫీసులో ఫైళ్ళ పనికి మార్చమని పైకి రాశారు. నేతవాళ్ళంతా పోయి బతిమాలారు. “ఆయన మమ్మల్ని ఎగతాళి చేయలేదు సామీ, మా పిల్లోళ్ళకు చదువు చెప్పినాడు” అన్నాడు చిన్నాయన. హెడ్మాస్టరు వినలేదు. సారు మళ్ళీ తరగతి ముందు నిలబడలేదు.

ఆయన వెళ్ళే రోజు మేమంతా బస్సు వెనక పరిగెత్తాం. కిటికీలోంచి తల బయటపెట్టి అరిచారు: “వడి తెలస్తానే ఉంది, దిక్కు చెప్పండ్రా!”

“దక్షిణం!” అని గొంతులు చించుకున్నాం. సంతోషం పట్టలేక, బస్సు దుమ్ములో కనుమరుగయ్యేదాకా ఆయన దాని రేకును చేత్తో చరుస్తూనే ఉన్నారు.

హెడ్మాస్టరూ పోయి చాలాకాలమైంది. సంతాపసభలో అందరూ మంచివాడన్నారు. నేను అనలేదు, ఇప్పుడూ అనను. మా సారును మాకు లేకుండా చేసింది ఆ హెడ్మాస్టరే.