లాలు తాత వెంటపోయిన పరీక్ష

జూలూరుపాడు దగ్గరి తండాలో లాలు తాత చదివింది మూడో తరగతే అయినా, చెవి మీద రీఫిల్ లేని పెన్ను పెట్టుకోకుండా గడప దాటడు. ఏ పిల్లకు పరీక్ష ఉన్నా వెంటపోయి, కిటికీ ఊచలు పట్టుకుని తనే చెమటలు కక్కుతాడు. ఆ ఏడు మనవరాలు సోనికి హాస్టల్ సీటు కోసం భద్రాచలంలో కొత్తగా కంప్యూటర్ పరీక్ష పెట్టారు.

"తాతా, ప్రశ్నలు ఒకదాన్ని మించి ఒకటి కష్టమైనవొస్తున్నయ్," అని సోని లోపలి నుంచి కిటికీ వైపు తిరిగి ఏడుపందుకుంది.

"మనతోని కాదు బిడ్డా, బంద్ చేసి జల్దీ రా."

సోని పరీక్ష ఆపేసి చెప్పుల కోసం అవతలి వాకిట్లోకి పోయింది. లోపలి సారు తల పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏంది పెద్దాయనా గిట్ల జేసినవ్? జవాబు కరెక్టయితేనే మిషన్ ఇంకా కష్టమైంది అడుగుతది. నీ పిల్ల అందరికన్నా ముందున్నది. మధ్యల ఆపితే ఇగ సీటు రాదు."

బస్సులో సోని, "నేను మొద్దునా తాతా?" అని అడిగింది.

తాత చెట్లకేసి చూస్తూ, "అవ్ బిడ్డా," అన్నాడు.