స్తూపం దగ్గర దిగిన ఉదయం

నల్లగండ్ల నుంచి ఆఫీసుకు వెళ్లే బస్సులో ఒకామె నా పక్కన కూర్చుంది. మెడలో హౌస్‌కీపింగ్ కార్డు, ఒళ్లో బంతిపూల సంచి. గోపన్‌పల్లి రాగానే కిటికీలోంచి చూపించింది.

“గదిగో, అమరవీరుల స్తూపం సారూ. తెలంగాణ కోసం పానాలిచ్చిన పిల్లలది. రోడ్డు వెడల్పు చేస్తమని పాతది తీసేసిండ్రు. మా ఆడోళ్లమంత పోయి రోడ్డు మీద కూసున్నం. వేరే జాగ ఇచ్చేదాంక లేవలే!” అంది గర్వంగా. “గా జాగల కొత్తది కట్టినం, ఇయ్యాల పూలేస్తున్నం. మీరు గూడ దిగుండ్రి.”

తటపటాయించాను. కానీ దాచాలనిపించలేదు.

“మాది గుంటూరండి. అప్పట్లో మేం రాష్ట్రం విడిపోవద్దన్నవాళ్లం.”

ఆమె పూల సంచిలో చెయ్యి పెట్టింది.

“అయితే ఏంది? సచ్చిపోయిన పిల్లలకు పువ్వేస్తే తప్పా?” అని గుప్పెడు పూలు నా చేతిలో పెట్టి లేచింది.

నేనూ దిగాను. స్తూపం చుట్టూ జనం గుమిగూడి ఉన్నారు. ఆమె నా మోచెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్తూ, “జర జరుగుండ్రి, మనోడే,” అంది.

ఈ నగరంలో ఏళ్లుగా ఉంటున్నా, నన్ను ఆ మాట అన్నవాళ్లు లేరు. నేను ఆమె పేరైనా అడగలేదు.

ఆలస్యం ఎందుకైందని ఆఫీసులో అడిగారు. మా ఊరి స్తూపానికి పూలు వేసి వస్తున్నానని చెప్పాను.