ఆమెన్ అత్తయ్య

మా మేనత్తకి ఆమెన్ ఎక్కడ అనాలో తెలియదు. ప్రార్థన చివర అందరితోపాటూ అంటుంది, అది సరే. ప్రసంగం నడుస్తుండగా, మాటకి అడ్డంపడి మరీ అంటుంది. లాండ్రీలో యంత్రాల మోతను మించి కేకేసి అలవాటైన గొంతు. కునుకు తీసేవాళ్లు బెంచీల మీంచి జారిపడతారు.

మాది చిన్న సంఘం, పాస్టరు లేరు. టైలరూ నేనూ వంతులవారీగా వాక్యం చెబుతాం. ఒకసారి నేను "మోషే కర్ర ఎత్తగానే..." అని కాస్త ఆగానో లేదో, "ఆమెన్!" సముద్రం ఇంకా చీలనే లేదు. టైలరు ప్రకటనలు చెబుతూ "ఫ్యాను రిపేరుకి..." అని చీటీ కోసం జేబులు తడుముకుంటుంటే మళ్లీ ఆమెన్. పిల్లలు నవ్వు ఆపుకోలేక బెంచీల కింద దూరారు.

టైలరుకి ఒళ్లు మండింది. పైగా వచ్చేవారం మొదటిసారి మాట్లాడేది ప్లంబరు. అసలే బిడియస్తుడు. అతన్ని ఒప్పించేసరికి మా తలప్రాణం తోకకొచ్చింది. ఈసారి పరువు పోతే ఇంక జన్మలో నిలబడనని ముందే చెప్పాడు.

"అక్కా, ఈ ఒక్కవారం నోరు కట్టేసుకో. నీకు దణ్ణం పెడతా," అన్నాడు టైలరు.

"నాకేం, మీ ఇష్టం," అంది అత్తయ్య.

ఆదివారం ప్లంబరు తప్పిపోయిన గొర్రె కథ ఎత్తుకున్నాడు. కాపరి కొండెక్కాడు, లోయ దిగాడు, అంతే. గొర్రే దొరకలేదు, మాటా దొరకలేదు. ప్లంబరు చెవులు ఎర్రబడ్డాయి. బైబిలు మూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. అత్తయ్య చేతిరుమాలు నోట్లో కుక్కుకుని టైలరునే చూస్తోంది. టైలరు కాసేపు పైకప్పు చూశాడు, కాసేపు చెప్పులు చూసుకున్నాడు.

"అనక్కా," అన్నాడు చివరికి.

"ఆమెన్!"

అందరూ నవ్వారు. ప్లంబరూ నవ్వాడు. ఆ నవ్వులోనే ఊపిరి పీల్చుకుని, గొర్రెను కాపరి భుజానికెత్తి క్షేమంగా ఇల్లు చేర్చాడు.

మోషే కర్ర ఎత్తాక ఏం జరిగిందో ఆరోజు నేనూ మర్చిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. అత్తయ్య మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది.

తర్వాత ప్లంబరు పట్టుబట్టి ఆవిణ్ణీ వంతుల్లో చేర్చాడు. తన రోజున అత్తయ్య ముందుకొచ్చి, బైబిలు తెరిచి, తల దించుకుని ఎంతకీ నోరు విప్పలేదు. మేం ఊరుకుంటామా? టైలరూ, ప్లంబరూ, నేనూ, బెంచీల కింది పిల్లలతో సహా కప్పు ఎగిరిపోయేలా ఆమెన్ అన్నాం.

అత్తయ్య ఉలిక్కిపడింది.

"ఉండండర్రా, కళ్లజోడు వెతుక్కుంటున్నాను," అంది.