తూర్పు ఒడ్డు పందెం

మా ఇజ్జా వదినకి నోరు పెద్దది, చేతులు ఇంకా పెద్దవి. ఆ రెండింటితోనే తమ్లాల్ట్ సరస్సు ఒడ్డున బతుకు కట్టుకుంది. నేను రబ్హాని, ఆమె తమ్ముడి పెళ్ళాన్ని, ఆమె నడిపే విడిదిలో వంటమనిషిని. మా ఆయన ఏడాదిలో సగం గొర్రెలతో కొండ మీదే ఉంటాడు కాబట్టి నా కాపురం మొగుడితో కంటే ఆడపడుచుతోనే ఎక్కువ సాగింది. ఆమె నన్ను తిట్టని రోజు నాకు రొట్టె గొంతు దిగదు.

పిల్లలు పుట్టలేదని ఆమెను కట్టుకున్నవాడు గాడిద మీద ఎక్కించి పుట్టింటికి పంపేశాడు. ఏడుస్తూ వచ్చిందనుకుంటున్నారా? ఆ గాడిదను కూడా తిరిగి పంపలేదు. మరునాడే మా మామగారి పాత పడవ తీసుకుని సరస్సులోకి వెళ్ళి, రెల్లు కోసి, చాపలల్లి సంతలో అమ్మడం మొదలుపెట్టింది. ఆడది పడవ తోలడమేమిటని ఊరంతా నోళ్ళు నొక్కుకుంది. "మీ నోళ్ళు ఖాళీగా ఉంటే చెప్పండి, తలా ఒక తెడ్డు ఇస్తా," అనేదట.

ఒక వేసవిలో ఫెజ్ పట్నం నుంచి ఓ కుటుంబం సరస్సు చూడడానికి వచ్చి వడగళ్ళ వానలో చిక్కుకుంది. మా వదిన వాళ్ళను ఉన్ని గుడారంలోకి లాక్కొచ్చి, తడిబట్టలు మార్పించి, వేడి రొట్టె మీద వెన్న రాసి పెట్టి, తెల్లవారాక పడవ ఎక్కించి సరస్సంతా తిప్పింది. మరుసటేడు వాళ్ళు బంధువులందరినీ వెంటబెట్టుకుని దిగారు. ఆ బంధువుల వెనుక వాళ్ళ స్నేహితులు వచ్చారు. అలా పుట్టింది మా విడిది. తరవాత గుడారాలు పెరిగాయి, రాతి గదులు లేచాయి, పిల్లలెక్కడానికి గుర్రాలు వచ్చాయి, హంస బొమ్మల తొక్కుడు పడవలు వచ్చాయి. శుక్రవారం వస్తే చాలు, ఒడ్డంతా చేపల వేపుడు వాసన, డప్పులు, పిల్లల కేకలు. నా చేతికి గరిట దించే తీరికుండదు, అయినా ఆ సందడి లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది.

కానీ సరస్సుకి ఉన్న మంచి ఒడ్డు ఒక్కటే. తూర్పున ఊట ఉంది, దేవదారు నీడ ఉంది, గుడారాలు వేయడానికి చదునైన గడ్డి నేల ఉంది. పడమటి ఒడ్డున బురద, దోమలు, మధ్యాహ్నం దాటితే గుడారపు మేకులు పీకేసే గాలి. విడిదులు నడిపేవాళ్ళు ఇద్దరు, మా వదినా, బెన్నాసరూ. అతనూ మా అయిత్ బూలాల్ తెగవాడే. మనిషి నవ్వితే తేనె, లోపల మాత్రం వేప. ఈ ఇద్దరి తగవులు వినలేక మా పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. ఏటా మంచు కరిగాక పడవ పందెం. ఒకరు తూర్పు నుంచి, ఒకరు పడమటి నుంచి బయలుదేరి, నడిమధ్య నల్లబండ చుట్టూ తిరిగి, ఉత్తరాన రేవుకి ముందు ఎవరు చేరితే ఆ వేసవికి తూర్పు ఒడ్డు వాళ్ళది. పడవలో ఒక్కరే ఉండాలి. సొంతంగా తెడ్లు వేసుకున్నా సరే, మనిషిని పెట్టుకున్నా సరే. మా వదిన ఎప్పుడూ తనే వేసేది, ఎప్పుడూ తనే గెలిచేది.

పోయినేడు ఓడిపోయింది. తెడ్డు విరిగింది, అంతే. ఆ వేసవంతా పడమటి ఒడ్డున మేం పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. వచ్చినవాళ్ళు ఒక్క రాత్రి దోమలకు బలై పొద్దున్నే మూటలు సర్దుకున్నారు. ఫెజ్ కుటుంబం కూడా సిగ్గుపడుతూ బెన్నాసర్ గుడారాల్లోకి మారింది. ఇంకో ఏడాది ఇలాగైతే విడిది ఉండదు. మెక్నెస్ పట్నంలో ఉన్న చిన్న తమ్ముడు ఖద్దూర్ అప్పటికే పట్టుబట్టి కూర్చున్నాడు. "అక్కా, వయసు మీద పడుతోంది, ఈ నీళ్ళూ చలీ ఎందుకు? మా ఇంట్లో గది ఖాళీ చేశాను, వచ్చేయ్," అని. చివరికి ఆమె మాటిచ్చేసింది, ఈసారి కూడా ఓడితే వెళ్ళిపోతానని. పట్నంలో మూడో అంతస్తు ఇంట్లో మా వదిన! కిటికీలోంచి ఎదుటివాళ్ళ గోడ చూస్తూ!

పందెం రోజు ఖద్దూర్ వ్యాను వేసుకునే రేవుకి వచ్చి, అక్క బట్టల మూట అప్పుడే అందులో పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండింది. "శవం లేవకముందే పెట్టె తెచ్చావా?" అని అడిగేశాను. మా వదిన మాత్రం నవ్వింది. "రానీవే. గెలిస్తే అదే వ్యానులో గుడారాలు తూర్పుకి మోయిస్తా," అంది. కొత్త తెడ్లకి కొవ్వు రాసింది, తలగుడ్డ బిగించింది, పడవలో దూకి, రేవు నుంచి తూర్పున పందెం మొదలయ్యే చోటికి వెళ్ళింది. పెద్దాయన హద్దూ తాత తుపాకీ పేల్చగానే కొండలు మారుమోగాయి. ఆడవాళ్ళం నాలుకలాడిస్తూ గొంతెత్తి సంబరంగా యూయూలు పెట్టాం.

అబ్బ, ఏం వేసిందండీ తెడ్లు! నీళ్ళు చీలిపోతున్నాయి. రేవు దగ్గర రాళ్ళ మీద మేమంతా ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఎగురుతున్నాం. పడమటి నుంచి వచ్చే పడవ కూడా తక్కువ తినలేదు. అందులో ఏటా అతని తరఫున వేసే బెన్నాసర్ మేనల్లుడు లేడు, ఎవరో కొత్త మనిషి, బలిష్ఠుడు, తెడ్డు వేస్తే పడవ గెంతుతోంది. ఇద్దరూ నల్లబండ దగ్గరికి దాదాపు ఒకేసారి చేరారు. అతను ముందు తిరిగాడు.

నల్లబండ చుట్టూ తిరిగేటప్పుడు పడవ వేసేవాళ్ళు తమ తెగ పేరు గట్టిగా పలకాలి. పలకకపోతే బండ పడవని లాగేస్తుందని మా వాళ్ళ నమ్మకం. ఆ కొత్త మనిషి గొంతు సరస్సు మీద నుంచి గంటలా వినబడింది.

"అయిత్ తిమ్ఖిత్!"

రేవు మీద యూయూలు ఆగిపోయాయి.

అయిత్ తిమ్ఖిత్ వాళ్ళతో మాది పాలపొత్తు. తాతముత్తాతల కాలంలో రెండు తెగలూ కొట్టుకుని చచ్చి, ఇక చాలనుకున్న రోజున ఈ తెగ తల్లులు ఆ తెగ పసిబిడ్డలకీ ఆ తెగ తల్లులు ఈ తెగ పసిబిడ్డలకీ పాలిచ్చారు. అప్పటినుంచి వాళ్ళలో ప్రతి మనిషీ మాకు తోబుట్టువే. వాళ్ళతో పెళ్ళి లేదు, పోటీ లేదు. వాళ్ళను దాటి ముందు నడవకూడదు. వాళ్ళు నోరు తెరిచి అడిగింది కాదనకూడదు. మా విషయంలో వాళ్ళూ అంతే. ఈ పొత్తు తప్పినవాడి ఇంట పాలు విరుగుతాయంటారు. కళ్ళారా చూశామనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

హద్దూ తాత చేతికర్ర నేలకేసి కొట్టి బెన్నాసర్ వైపు తిరిగాడు. "పాలపొత్తు మనిషిని పందేనికి దింపావురా? ఇంటికొస్తే నెత్తిన పెట్టుకోవాల్సినవాణ్ణి?"

"మనిషిని పెట్టుకోవచ్చన్నారుగా తాతా. ఏ మనిషో మీరు చెప్పలేదు," అని బెన్నాసర్ పళ్ళికిలించాడు.

"ఎదురు పడవలో ఎవరో అతనికి చెప్పావా?"

"ఎవరో పట్నమావిడ పడవలు అద్దెకిస్తుంది, ఆమెతో పందెం అని చెప్పాను." ఏమాత్రం సిగ్గులేదు. నా చేతిలో గరిట ఉంటే ఏం జరిగేదో నాకే తెలియదు.

అప్పుడే మా వదిన కూడా బండ చుట్టూ తిరిగింది. ఆమె గొంతు ఒక్క క్షణం ఆగి, తరవాత వచ్చింది. "అయిత్ బూలాల్!" ఆ మాటకి ముందు పడవలో మనిషి ఉలిక్కిపడి వెనక్కి చూశాడు.

ఇక చూడాలి. మా వదిన పడవ అతని పడవని అందుకుంది. పక్కకి తిప్పి రెండు తెడ్లు వేస్తే దాటేస్తుంది. దాటలేదు. అతని వెనకే, దూడ తల్లి వెనక నడిచినట్టు నడిపించింది. అతను నెమ్మదిస్తే ఆమే నెమ్మదించింది. రేవు రాయి విసిరేంత దూరంలోకి వచ్చాక అతను తెడ్లు పైకెత్తేశాడు. ఆమె కూడా ఎత్తేసింది. రెండు పడవలూ నీళ్ళ మీద ఊగుతూ నిలబడిపోయాయి.

"వెయ్యరా తెడ్డు! వెయ్యి!" బెన్నాసర్ గొంతు చించుకుంటున్నాడు.

నేను ఆగలేకపోయాను. పావడా ఎత్తి కట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగిపోయాను. మంచునీళ్ళు, ఎముకలు కొరికేశాయి. "వదినా! అడుగు! దారిమ్మని అడుగు! పాలపొత్తువాడు కాదనలేడు!"

రేవు మొత్తం అందుకుంది. "అడుగు ఇజ్జా! అడుగు!" ఖద్దూర్ కూడా అరిచాడు, వాడు కూడా! వాడి కళ్ళలో నీళ్ళు చూసి వాణ్ణి తిట్టినందుకు నాకు మొదటిసారి బాధేసింది.

మా వదిన తల అడ్డంగా ఊపింది. "నోర్ముయ్యవే రబ్హా. నా పొట్ట కోసం పొత్తుని వాడుకోమంటావా? తల్లిపాలు అమ్ముకోవడమే అది," అంది. తరవాత ముందున్న మనిషితో ఎంత మెత్తగా మాట్లాడిందో, ఆ గొంతు ఆమెదేనా అనిపించింది. "తమ్ముడూ, నీ పేరేంటి?"

"హమ్మాదీ, అక్కా."

"నువ్వు మాటిచ్చి వచ్చావు హమ్మాదీ. నీ తప్పేం లేదు. నువ్వు ముందున్నావు, పో. నీ వెనక రావడం నాకు నామోషీ కాదు."

"నా ఎదురు నువ్వని నాకు తెలీదక్కా. తెలిస్తే కాళ్ళు విరగ్గొట్టుకునేవాణ్ణి గానీ పడవెక్కేవాణ్ణి కాదు."

"తెలుసులే. పో."

అతను కదలలేదు. ఒడ్డు వైపు చూశాడు. ఏడుస్తున్న నన్నూ, కర్ర పట్టుకుని నిలబడ్డ తాతనీ, వ్యాను పక్కన ఖద్దూర్‌నీ చూశాడు. "ఓడితే నీకేం పోతుందక్కా?" అని అడిగాడు.

ఆమె ముఖం కొండల వైపు తిప్పుకుంది. నేనే అరిచాను. "ఈ సరస్సే పోతుందయ్యా! ఆ వ్యానెక్కి పట్నం పోతుంది, మళ్ళీ రాదు!"

"రబ్హా! నీ నాలుక కోస్తా!" అని మా వదిన లేచి నిలబడింది, పడవ తలకిందులయ్యేలా ఊగింది.

హమ్మాదీ తెడ్లు రెండూ పడవలోకి లాగేసుకుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "అక్కా, నీ తోబుట్టువుని. నిన్నొకటి అడుగుతాను."

మా వదినకి అర్థమైపోయింది. ముఖం తెల్లబోయింది. "వద్దు తమ్ముడూ. ఏదైనా అడుగు. నా గుర్రాన్ని అడుగు, నా గుడారం అడుగు. అది మాత్రం అడక్కు."

"నన్ను దాటి పో."

మా వదిన రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"అడిగేశాను," అన్నాడతను. "కాదంటావా?"

కాదనగలదా? ఎలా అంటుంది! కూలబడినట్టు కూర్చుంది. ఏడుస్తోంది, తిడుతోంది, అతన్ని, నన్ను, బెన్నాసర్‌ని, నల్లబండని, తన పెద్ద చేతులనీ. అన్నీ తిడుతూనే తెడ్లు నీళ్ళలో దించింది. అతని పడవ పక్కనుంచి పోతూ తల వంచింది, అతనూ వంచాడు. ఆమె పడవ ముక్కు రేవు రాయికి తగలగానే మా గొంతుల్లోంచి లేచిన యూయూలకి కొండ మీద మా ఆయన గొర్రెలు కూడా బెదిరి ఉంటాయి. నేను నీళ్ళలోనే ఎగిరాను, పడ్డాను, మళ్ళీ ఎగిరాను.

"ఇదేం పందెం? ఇదేం న్యాయం?" అని బెన్నాసర్ గంతులేశాడు.

"నువ్వు తెచ్చిన మనిషే అడిగాడు, మన ఆడపిల్ల కాదనలేకపోయింది," అన్నాడు హద్దూ తాత తాపీగా. "ఎవడు తవ్విన గోతిలో వాడే పడతాడని ఊరికే అన్నారా? పో, పడమటి ఒడ్డున దోమలు నీకోసం ఎదురుచూస్తున్నాయి."

జనం మా వదినని భుజాలకెత్తుకోబోయారు. ఆమె అందరినీ తోసేసి మళ్ళీ నీళ్ళలోకి దిగింది. నడుము లోతు దాకా వెళ్ళి హమ్మాదీ పడవ తాడు పట్టుకుని, అతని కాలు తడవకుండా ఒడ్డుకి లాక్కొచ్చింది. అతను దిగి, కండువా దులుపుకుని, అప్పుడే కొండదారి పట్టబోయాడు.

"ఎందుకయ్యా ఇలా చేశావు? గెలిచేవాడివిగా," అన్నాను నేను, ఇంతసేపూ అతన్ని మనసులో తిట్టినదాన్ని.

"గెలిచి ఇంటికి పోతే మా అమ్మ గుమ్మం ఎక్కనిస్తుందా వదినా?" అన్నాడు నవ్వుతూ. "చీకటి పడకముందే కనుమ దాటాలి, వస్తాను."

"ఆగు," అంది మా వదిన. తడిబట్టలతో వణుకుతోంది, పళ్ళు టకటకలాడుతున్నాయి. "ఒరే ఖద్దూర్, నా మూట దింపి, పెద్ద గుడారం వ్యానులో పెట్టు. తూర్పు ఒడ్డుకి తోలు. ఏమే రబ్హా, చూస్తావేం? పాలు కాచు." ఆ తరవాత అతని వైపు తిరిగింది. ఇప్పుడు ఏడవడం లేదు, ముఖమంతా వెలిగిపోతోంది.

"హమ్మాదీ, ఈ ఏడు నా విడిదికి మొదటి అతిథివి నువ్వే. ఈ రాత్రి ఇక్కడే పడుకుంటావు."

"లేదక్కా, ఇంట్లో..."

"నేను అడుగుతున్నాను తమ్ముడూ," అంది ఇజ్జా వదిన.