మొదటి పూతా, రెండో పూతా

నిన్న పొద్దున హుకుంపేట దాటి పైకి వెళ్తుంటే జీపులోకి కాఫీ పూల వాసన వచ్చింది. పక్కన కూర్చున్న కొత్త నర్సు మల్లెపూలనుకుని గుండెల నిండా పీల్చుకుంది. నేను అద్దం ఎత్తేశాను. ఆ వాసనకు నాకు పైడమ్మ సిస్టర్ గుర్తొస్తుంది, ఆమె వెనకాలే చిలకమ్మ.

పైడమ్మది సాలూరు. ఎన్నో ఏళ్ళ కిందట ఒక ఏప్రిల్‌లో నేను ఈ కొండల్లో నర్సుగా చేరేనాటికి ఆమె మా ఆరోగ్య కేంద్రంలో తల నెరిసిన మనిషి. నాకు పని నేర్పిందీ, తిట్టిందీ ఆమే. గర్భిణి పేరు పెన్నుతో రాసి, కాన్పు తేదీ మాత్రం పెన్సిల్‌తో వేసేది. మూడో నెల నిండకముందే స్కాన్ చేయించి, బిడ్డ కొలత చూశాకే పెన్ను తీసేది.

"తొలి నెలల్లో పిల్లలందరూ ఒక్కలాగే పెరుగుతారే గుంటా. తరవాత తల్లి తిండిని బట్టి ఎవలి పెరుగుదల ఆలది. అప్పుడు కొలిస్తే ఏటి తెలుస్తాది?" అనేది. నాకది చాదస్తంగా తోచేది.

మే నెలాఖరున చిలకమ్మ కొండ మీది ఊరినుంచి నడిచి వచ్చింది. పెళ్ళైన ఏడేళ్ళకు నిలిచిన కడుపు. చివరిసారి ముట్టు ఎప్పుడైందని అడిగితే "కాఫీ పూసినప్పుడు" అంది. నేను చేరిన రెండో వారంలోనే తోటలన్నీ తెల్లగా పూశాయి. నా జన్మలో కాఫీ పూత చూడటం అదే మొదలు కనుక రోజుతో సహా గుర్తుంది. ఆ లెక్కన జనవరి నెలాఖరు కాన్పని పెన్నుతోనే రాసేశాను.

"ఏటి, పెన్నుతో రాసీసినావు?" అంది పైడమ్మ.

"తేదీ ఖాయమే సిస్టర్."

"ఐనా ఈ వారమే స్కాన్‌కి పంపు. బేగి."

నా లెక్కలో చిలకమ్మకు అప్పటికి ఐదో వారమే. తొందరేముందిలే అనుకున్నాను. తర్వాత వానలు పట్టుకున్నాయి, దారి కోసుకుపోయింది. స్కాన్ జరిగింది అక్టోబరులో. బిడ్డ నా లెక్క కంటే రెండు వారాలు పెద్దదని వచ్చింది. ఇన్ని నెలలు దాటాక చేసే స్కాన్ అంతమాత్రం అటూ ఇటూ పోతుందని డాక్టరుగారు అన్నారు. నా తేదీ నాకు ముద్దు, దిద్దలేదు.

కొండ ఊళ్ళ ఆడవాళ్ళను కాన్పుకి రెండు వారాల ముందే కిందికి తెచ్చి వసతి గృహంలో ఉంచుతాం. చిలకమ్మను జనవరిలో తేవాలనుకున్నాను. డిసెంబరులోనే నొప్పులొచ్చాయి. బిడ్డ కాళ్ళు ముందుకొచ్చాయి. డోలీ కట్టి మోసుకుని, మేము ఎదురుచూస్తున్న రోడ్డు చేరేసరికి ఆడపిల్ల పోయింది.

"నెలలు నిండని కాన్పు" అన్నాను, నా గొంతు నాకే వినబడకుండా.

పైడమ్మ ఆ పసిదాని చెయ్యి తన వేలి మీద పెట్టుకుంది. "తల్లికి తిండి చాలక సన్నగుంది గానీ, నెలలు నిండని పిల్లకి ఇంతేసి గోళ్ళుంటాయేటి?"

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. వారం తర్వాత నన్ను వెంటబెట్టుకుని కొండ ఎక్కించింది. చిలకమ్మ గుమ్మంలో రాగులు చెరుగుతోంది. తేదీ తప్పుగా రాశానని చెప్పాను. ఆమె చేట ఆపలేదు.

"ఈ ఏడు పూత రెండుసార్లు వచ్చింది కదా సిస్టరు. నువ్వు రాకముందు వానకొకటి, నెల దాటినాక ఇంకోటి. నాది మొదటి పూత. నువ్వు అడగలేదు."

అంతే అంది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. కొండ దిగేటప్పుడు పైడమ్మ ఒక రాయి మీద కూలబడింది. "నాను కూడా అడగనేదే గుంటా" అంది. ఆమె కంట నీళ్ళు చూడటం అదొక్కసారే. ఆమె పోయి రెండేళ్ళయింది.

నిన్న ఊళ్ళో ఒక పిల్ల కొత్తగా నెల తప్పానని వచ్చింది. ఫోన్‌లో తేదీ దాచుకుంది, చూపించింది. అయినా నా నోట "మొదటి పూతా, రెండో పూతా?" అనే వచ్చింది. ఆ పిల్ల నవ్వింది. నేను పెన్సిల్‌తో రాసుకుని, స్కాన్‌కి జీపులో నాతోనే తీసుకొచ్చాను.

ఇప్పుడు ఆ కొండ మీదికీ రోడ్డు పడింది. దారిలో చిలకమ్మ గుమ్మం కనిపించింది. ఆమెకు మళ్ళీ కడుపు పండలేదు.