మార్తక్క మూసిన మోరీ

నిన్న మనవరాలి పెళ్లిపత్రికల కోసం మూసారాంబాగ్‌లో ఒక ప్రెస్సుకు వెళ్లాను. గడపలో కాలు పెట్టగానే కిరోసిన్, సిరా కలిసిన వాసన ముక్కుకు తగిలింది. యజమాని ఏవో నమూనాలు చూపిస్తున్నాడు కానీ నా మనసు అక్కడ లేదు. ఇరవై రెండేళ్ల వయసులో, మసి చేతులతో, మార్తక్క పక్కన నిలబడి ఉన్నాను.

అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్ దాటితే పొలాలే. ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న వైపు రోడ్డు పక్కన ఒక మిషన్ దవాఖాన ఉండేది. రోగుల చీటీలు, కేసు కాగితాలు, మందుసీసాల లేబుళ్లు అన్నీ దాని సొంత అచ్చుగదిలోనే తయారయ్యేవి. నల్లగొండ పల్లె నుంచి వచ్చి కిరాయి ఇంట్లో ఉంటున్న మాకు అక్కడ నాకు దొరికిన ఉద్యోగమే ఆధారం. ఆ గదికి పెద్ద మార్తక్క. ఆమెదీ నల్లగొండ వైపే. బైబిలు చదవడానికి నేర్చుకున్న అక్షరాలే తనకు ఈ పని ఇచ్చాయని చెప్పేది. మొదటి రోజు నేను ‘రోగి పేరు’ అన్న రెండు మాటల సీసపు అక్షరాలను తారుమారుగా పేరిస్తే ఆమె నవ్వలేదు, తిట్టలేదు. “అద్దంల చూసినట్టు చూడు బిడ్డా. కన్ను అలవాటు పడ్డదంటే చెయ్యి దానంతటదే పోతది” అంది. మూడు రోజుల్లో అలవాటు పడింది.

అచ్చు పూర్తయ్యాక సీసపు అక్షరాలను కిరోసిన్‌తో తుడిచి, సోడా నీళ్లతో కడిగేవాళ్లం. ఆ నల్లటి నీళ్లను బకెట్లతో వెనక మురుగు మోరీలో వంచేవాళ్లం. మోరీ గోడ దాటి ఎటు పోతుందో నేను అడగలేదు. ఎవరూ అడగలేదు.

అది అరవై తొమ్మిది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉంది. బస్సులు ఒకరోజు నడిస్తే రెండు రోజులు ఆగేవి. ఒక పొద్దున, గోడ వెనక కూరగాయలు పండించుకునే యాదమ్మ కుండ పట్టుకొని వచ్చింది. “మార్తక్కా, గీ నీళ్లు జూడు. వారం సంది మా బాయిల గిట్లనే ఒస్తున్నయి. బర్రె సుత మూతి పెడ్తలేదు” అంది. నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలుతోంది. మార్తక్క వేలు ముంచి వాసన చూసింది. రోడ్డు మీది లారీల నూనె అని తప్పించుకోవచ్చు. ఆమె తప్పించుకోలేదు. “మాదే యాదమ్మా. మేం పోసిందే. ఇయ్యాల్టి సంది తాగకు, పిల్లలకు తాపకు” అంది. ఆ కుండను అలాగే తీసుకెళ్లి మేనేజరు శేషగిరిరావుగారి బల్ల మీద పెట్టింది.

ఆయన కోస్తా నుంచి వచ్చినవారు. చెడ్డమనిషి కాదు, భయస్థుడు. “ఇప్పుడా మార్తమ్మగారూ? కాగితం లారీ వచ్చి మూడు వారాలైంది. ఈ గొడవలు సద్దుమణిగాక చూద్దామండీ” అన్నారు.

“గొడవలు సల్లారేదాక నీళ్లు ఆగయి సార్” అని ఆమె వచ్చేసింది.

అక్షరాలు పేర్చే మా కంపోజిటరు నర్సింహకు అది చాలు. “అక్కా, చౌరస్తల మన పోరగాళ్లున్నరు. ఆంధ్ర మేనేజరు మన బాయి ఖరాబు చేసిండని ఒక్క మాట చెప్త. పొద్దుగూకేసరికి ఆయన బిస్తర్ కట్టుకొని పోతడు” అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే న్యాయంగా తోచింది.

మార్తక్క చేతిలో పని ఆపింది. “ఎనిమిదేండ్ల సంది బకెట్లు వంచింది ఎవరు నర్సింహా? నేను. మీకు నేర్పింది సుత నేనే. ఆయన గుంటూరోడైతే నా చెయ్యి సాఫ్ అయితదా?”

“అంటే నీకు తెలంగాణ వద్దా?”

“కావాలె. రేపు జులూసుకు నేను సుత ఒస్త. కానీ అబద్ధం చెప్పి అడుగుడు నాతోని కాదు.”

ఆ మధ్యాహ్నమే సిమెంటు తెప్పించి, కుచ్చిళ్లు పైకి దోపుకొని, మోరీ నోటిని తన చేతులతో మూసేసింది. ఇక నల్లనీళ్లు పోయడానికి చోటు లేదు కాబట్టి వేరే దారి వెతకక తప్పలేదు. మొదటి తుడుపుకు వాడేసిన కిరోసిన్, ఆఖరి తుడుపుకు మాత్రమే కొత్తది. మురికి కిరోసిన్‌ను రెండు రోజులు కదపకుండా ఉంచితే మసి అడుగుకు దిగి, పైన తేరినది మళ్లీ పనికొచ్చేది. సోడా నీళ్లకు పెరట్లో సిమెంటు తొట్టి కట్టించింది. నీళ్లు ఎండకు ఇగిరిపోయాక మిగిలిన మడ్డిని డబ్బాల్లో మూతపెట్టి దాచేవాళ్లం. కాగితం లారీ ఎంతకీ రాకపోతే రెండు ఫారాలను కలిపి ఒకే కాగితానికి రెండు వైపులా అచ్చు వేయించింది. కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలు లేబుళ్లయ్యాయి. ఆ బందుల రోజుల్లో చీటీ లేదని దవాఖాన ఒక్క రోగినీ నిలబెట్టలేదు.

శేషగిరిరావుగారు ఒకరోజు వచ్చి తొట్టినీ, కాగితాల దొంతరనూ చూశారు. చివరికి “ఆ నుయ్యి కూడా తోడించాలి కదండీ” అన్నారు. మర్నాడు ప్యాంటు మడిచి ఆయనే వచ్చారు. బురద బకెట్లు పైకి లాగడానికి నర్సింహ, ఆయన ఒకే తాడు పట్టుకున్నారు. రోడ్డు మీద ఊరేగింపు వెళ్తుంటే నర్సింహ ఉండబట్టలేక “జై తెలంగాణ!” అని కేక వేశాడు. “ముందు తాడు లాగవయ్యా బాబూ, బకెట్ జారిపోతోంది” అన్నారాయన. బావి చుట్టూ ఉన్నవాళ్లందరం నవ్వాం, ఒక్క యాదమ్మ తప్ప.

ఆమె కోపం అంత తేలికగా పోలేదు. రెండు వానాకాలాలు గడిచేదాకా ఆ నీళ్లు తాగవద్దని డాక్టరు చెప్పారు. అన్నాళ్లూ మార్తక్క రోజూ పొద్దున్నే దవాఖాన నల్లా దగ్గర బిందె నింపి, యాదమ్మ గడపలో పెట్టి వచ్చేది. నేను మోస్తానంటే ఒప్పుకోలేదు. యాదమ్మ పలకరించేది కాదు. డాక్టరు సరేనన్న రోజు ఆమె బావి నీళ్లు తోడి, తాను సగం తాగి, ఆ చెంబు మార్తక్క చేతికిచ్చింది. మార్తక్క గటగటా తాగేసింది. ఆమె కళ్లలో నీళ్లు చూడటం నాకు అదొక్కసారే.

తర్వాత నేను మరో ఆఫీసులో అచ్చు విభాగానికి పెద్దనయ్యాను. కొత్త ఆఫ్‌సెట్ యంత్రం బిగించినవాళ్లు పని పూర్తయినట్టు సంతకం పెట్టమంటే, ముందు గది వెనక్కి వెళ్లి చూశాను. యంత్రం కడిగిన రసాయనాల నీళ్లు గొట్టంలోంచి గుడిసెల వైపు పోతున్నాయి. తొట్టి కట్టాకే సంతకం పెట్టాను. రిటైరయ్యేదాకా నా గది నుంచి ఒక్క చుక్క కూడా ఎవరి బావికీ పోలేదని ఎవరి ముందైనా చెప్పగలను. యాదమ్మ బావిలోకి పోయిన నీళ్లలో నేను వంచిన బకెట్లూ ఉన్నాయని కూడా అంతే గట్టిగా చెప్పగలను.